ఎన్ని చోట్ల అప్పుంది?

2019లో జాతీయ నమూనా సర్వే రైతు కుటుంబాల అప్పుల లెక్క తీసింది. దేశం మొత్తం మీద ఒక్కో రైతు కుటుంబానికి సగటున 74,121 రూపాయల అప్పు తేలింది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ సగటు 2,45,554 రూపాయలు. రాష్ట్రాలన్నిటిలోకీ అదే ఎక్కువ. తెలంగాణలో 1,52,113. అప్పున్న రైతు కుటుంబాలు దేశంలో నూటికి యాభై అయితే ఆంధ్రలో 93, తెలంగాణలో దాదాపు 92.

ఈ అంకెలు అప్పట్లో పత్రికల్లో వచ్చాయి. వీటి పక్కన పెట్టి చూడాల్సిన అంకె అదే సర్వేలో ఇంకొకటి ఉంది, రాబడి. రైతు కుటుంబానికి అన్ని దారుల్లో వచ్చే నెల ఆదాయం ఆంధ్రలో సగటున 10,480 రూపాయలు, తెలంగాణలో 9,403, దేశం మొత్తానికి 10,218. తిండీ బట్టా మానేసి వచ్చిన ప్రతి రూపాయీ అప్పుకే కట్టినా, దేశంలోని సగటు రైతు కుటుంబానికి అసలు తీరడానికి ఏడు నెలల పైన పడుతుంది. తెలంగాణలో పదహారు నెలలు, ఆంధ్రలో ఇరవై మూడు. వడ్డీ ఇందులో కలపలేదు.

అప్పు గురించి ఇంత వివరంగా తెలిసిన మనకు, ఆ అప్పు మోస్తున్న మనిషి మనసు గురించి ఎంత తెలుసు? బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసింది. పెద్దవాళ్లలో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నారని, డిప్రెషన్ ఉన్నవారిలో నూటికి 85 మందికి చికిత్స అందడం లేదని అది తేల్చింది. చాలా విలువైన సర్వే. కాకపోతే అది జరిగింది 12 రాష్ట్రాల్లో. ఆ పన్నెండింటిలో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు. అప్పు బరువు అందరికన్నా ఎక్కువున్న చోట దిగులు ఎంతుందో ఆ సర్వే కొలవలేదు. అందుకే అప్పుకూ మనసుకూ ఉన్న ముడి విప్పాలంటే మిగతా చోట్ల జరిగిన పరిశోధనలు కూడా చూడాలి.

బ్రిటన్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ రిచర్డ్‌సన్, మరి ఇద్దరు కలిసి 2013లో 65 పరిశోధనా పత్రాలను ఒకచోట చేర్చి విశ్లేషించారు. అప్పు లేనివారితో పోలిస్తే అప్పున్నవారిలో మానసిక రుగ్మత కనిపించే పాళ్లు, గణాంకవేత్తలు వాడే నిష్పత్తిలో, 3.24 రెట్లు. డిప్రెషన్ ఒక్కటే తీసుకుంటే 2.77 రెట్లు, ఆత్మహత్య లేదా ఆత్మహత్యాయత్నం 5.76 రెట్లు. అయితే ఈ పత్రాల్లో ఎక్కువ భాగం ఒకే సమయంలో అప్పునూ మనసునూ కొలిచినవి. ఏది ముందు, ఏది వెనక అన్నది వాటితో తేలదు. అప్పు వల్ల దిగులా, దిగులు వల్ల అప్పా?

ఒకే మనిషి, రెండు పూటలు

ఈ ప్రశ్నకు ఒక జవాబు మన పక్కనే, తమిళనాడు చెరుకు తోటల్లో దొరికింది. చెరుకు రైతుకు డబ్బు ఏడాదికోసారి, కోత అయ్యాక వస్తుంది. కోతకు ముందు నెలలు కటకట, కోత తర్వాత కాస్త వెసులుబాటు. మనిషి అతనే, చదువు అదే, భూమి అదే, మారేది చేతిలో డబ్బు మాత్రమే. ఆనందీ మణి, సెంథిల్ ముల్లైనాథన్, ఎల్దార్ షఫీర్, జియాయింగ్ ఝావో 54 గ్రామాల్లో 464 మంది రైతులను కోతకు ముందొకసారి, తర్వాతొకసారి పరీక్షించి, ఆ ఫలితాలను 2013లో 'సైన్స్' పత్రికలో ప్రచురించారు. కోతకు ముందు 78 శాతం మంది ఏదో ఒక వస్తువు తాకట్టు పెట్టి ఉన్నారు, కోత తర్వాత 4 శాతం. తర్కంతో విప్పాల్సిన బొమ్మల పజిళ్లు ఇస్తే కోతకు ముందు సగటున 4.35 సరిగ్గా చేశారు. కోత తర్వాత అదే రైతులు 5.45 చేశారు.

అప్పుల్లో మునిగినవాణ్ణి చూసి ఊళ్లో అనే మొదటి మాట, "బుద్ధి ఉంటే ఇన్ని అప్పులు చేస్తాడా" అని. ఈ ప్రయోగం చూశాక ఆ మాట అనడానికి నాకు నోరు రాదు. గడువు తరుముతుంటే ఆలోచన ఎంతో కొంత అక్కడికే పోతుంది. మిగిలిన దానితోనే ఆ మనిషి విత్తనం కొనాలి, పిల్లల ఫీజు సంగతి చూడాలి, ఏ కాగితం మీద సంతకం పెడుతున్నాడో చదువుకోవాలి. తప్పుడు నిర్ణయాలు అక్కడే పుడతాయి. ఆ నిర్ణయాల్లోంచి ఇంకో అప్పు పుడుతుంది.

మొత్తమా, ఖాతాల సంఖ్యా?

సింగపూర్‌లో ఒక స్వచ్ఛంద సంస్థ పేద కుటుంబాల పాత బకాయిలను, ఒక్కో కుటుంబానికి గరిష్ఠంగా 5,000 సింగపూర్ డాలర్ల దాకా, ఒక్కసారిగా తీర్చింది. అలా సాయం పొందిన 196 మందిని పరిశోధకులు సాయానికి ముందు, తర్వాత పరీక్షించి 2019లో ఫలితాలు ప్రకటించారు. ఒకే మొత్తం సాయం అందినా కొందరికి ఒక పెద్ద బకాయి తీరింది, కొందరికి నాలుగైదు చిన్న బకాయిలు తీరాయి. ఎక్కువ తేడా కనిపించింది ఈ రెండో రకం వారిలో. ఒక్కో అప్పు ఖాతా అదనంగా మూతపడిన కొద్దీ ఆందోళన లక్షణాలు కనిపించే అవకాశం 11 శాతం తగ్గింది, ఆలోచనా సామర్థ్యం మెరుగుపడింది, రేపటి లాభం కన్నా ఇవాళ్టి చిల్లరకే మొగ్గే గుణం 10 శాతం తగ్గింది. తీరిన డబ్బు మొత్తం కన్నా మూతపడిన ఖాతాల సంఖ్యే ఎక్కువ పని చేసింది.

దీనికి ఎదురుగా అమెరికా నుంచి ఇంకో ఫలితం ఉంది, దాన్ని దాచిపెట్టి మాట్లాడితే పాఠకుడికి అన్యాయం చేసినట్టే. అక్కడ 2018 నుంచి 2020 మధ్య 83,401 మందికి చెందిన 16.9 కోట్ల డాలర్ల ఆసుపత్రి బాకీలను లాటరీ పద్ధతిలో ఎంపిక చేసి కొట్టేశారు. వాళ్ల మనసులు సగటున ఏమీ తేలిక పడలేదు. మొదటి నుంచీ తీవ్రమైన దిగులులో ఉన్నవారిలో పరిస్థితి కొంత అధ్వానమైంది కూడా. 2024లో వెలువడిన ఈ ఫలితం చాలామందిని నిరుత్సాహపరిచింది.

రెండూ ఒకదాన్నొకటి కొట్టేస్తాయని నేను అనుకోవడం లేదు. అమెరికాలో మాఫీ చేసినవి చాలావరకు పాతబడిన బాకీలు. వాటికి ఎవరూ నెలనెలా కడుతున్నది లేదు. సింగపూర్‌లో తీరినవి ఇంటి అద్దె, కరెంటు, నీళ్ల బిల్లుల వంటి నడుస్తున్న బకాయిలు, రోజూ తలలో మెదిలేవి. మనిషిని తినేసే అప్పు కాగితం మీది అంకె కాదు. రేపు కట్టాల్సినదీ, అడగడానికి ఎవరో ఒకరు వచ్చేదీ ఆ అప్పు. నాకు అర్థమైనంతలో ఈ రెండు ప్రయోగాలూ కలిపి చెబుతున్నది ఇదే.

ఇది మన ఊళ్లకు ఎలా వర్తిస్తుందో ఊహించిన ఒక ఇంటి లెక్కతో చూద్దాం. బ్యాంకులో పంట రుణం. బంగారం తాకట్టు. డ్వాక్రా గ్రూపు అప్పు. మైక్రోఫైనాన్స్ వారం వాయిదా. ఎరువుల కొట్టులో ఖాతా. తెలిసినవాళ్ల దగ్గర ప్రామిసరీ నోటు మీద నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన లక్ష. పాడేసిన చిట్టీ. కొడుకు బండి ఈఎంఐ. ఎనిమిది చోట్ల అప్పు. ఈ ఇల్లు వింత ఇల్లేమీ కాదు, పల్లెల్లో ఇలాంటివి వీధికి కొన్ని ఉంటాయి. పంట మీద తీరేవి పక్కన పెట్టినా నెలలో గడువు రోజులు ఎన్ని? మైక్రోఫైనాన్స్‌కు నాలుగు, డ్వాక్రాకు ఒకటి, చిట్టీకి ఒకటి, బండికి ఒకటి, ప్రైవేటు వడ్డీకి ఒకటి. మొత్తం ఎనిమిది. సగటున నాలుగు రోజులకోసారి ఎవరికో ఒకరికి జవాబు చెప్పాలి. ఒకచోట తెచ్చి ఇంకోచోట కట్టాలి. ఇంటి ఆడమనిషే ఈ లెక్కంతా తలలో పెట్టుకుని తిరగడం మనం చాలా ఇళ్లలో చూస్తాం. భర్తకు తెలియని అప్పు ఒకటుంటే, దాని బెంగ ఆమె ఒక్కతే మోస్తుంది.

వడ్డీల తేడా కూడా చూడండి. పంట రుణానికి ఏడు శాతం. గడువులోపు కడితే నాలుగే. నూటికి మూడంటే ఏడాదికి 36 శాతం. లక్ష మీద బ్యాంకులో ఏడాదికి 7,000 అయ్యే చోట ఇక్కడ 36,000. ఇక చిన్న వ్యాపారులు తీసుకునే రోజువారీ ఫైనాన్స్. పదివేలు రాసుకుని చేతికి తొమ్మిది వేలిచ్చి, రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు చేస్తారు. వెయ్యే కదా అనిపిస్తుంది. కానీ అసలు రోజూ తగ్గుతూ వస్తుంది కాబట్టి ఏడాది లెక్కలో అది 75 శాతం పైమాటే. భూమి కాగితం చేతిలో లేని కౌలు రైతుకు ఏడు శాతం రుణం చాలాసార్లు దొరకదు. అతన్ని 36 శాతం గుమ్మం ఎక్కించేది ఆ కాగితం లేకపోవడమే.

అడిగే తీరు

అప్పుల సంఖ్య తర్వాత మనసును కుంగదీసేది వసూలు చేసే తీరు. ఈ విషయంలో తెలుగు నేలకు చేదు అనుభవం చాలా ఉంది. మైక్రోఫైనాన్స్ వేధింపుల మీద గగ్గోలు పుట్టాక 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది, తర్వాత అదే చట్టమైంది. వారం వారం వసూలు కూడదని, నెలకోసారే వసూలు చేయాలని, అదీ ఇంటికి వెళ్లి కాకుండా గ్రామ పంచాయతీ కార్యాలయంలోనో బహిరంగంగా నిర్ణయించిన చోటనో జరగాలని అందులో రాశారు. ఆ చట్టం మంచిచెడుల మీద వాదనలు ఎన్నో ఉన్నాయి, అప్పు పుట్టడమే కష్టమైందన్న ఫిర్యాదూ నిజమే. కానీ ఇంటి గుమ్మాన్ని వసూలుదారుకు మూసేయాలన్న ఆలోచనలో మనసు ఎలా పనిచేస్తుందన్న ఎరుక ఉంది.

2015 డిసెంబరులో విజయవాడలో అధిక వడ్డీ అప్పులిచ్చి వేధించే కాల్‌మనీ బాగోతం బయటపడింది. 2020 డిసెంబరులో హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు లోన్ యాప్‌ల మీద కేసులు పెట్టి అరెస్టులు మొదలుపెట్టారు. ఈ యాప్‌లలో అప్పు గడువు తరచూ వారమే. అంతకన్నా దారుణం వసూలు పద్ధతి. ఫోన్‌లోని కాంటాక్టులన్నీ లాక్కుని, బంధువులకు, తోటి ఉద్యోగులకు సందేశాలు పంపడం, ఫొటోలు మార్చి పరువు తీయడం. అప్పు వెయ్యి రూపాయలదే కావచ్చు, అది మూడు వందల మందికి ఒకేసారి తెలిసిపోతుంది. రిజర్వు బ్యాంకు నియమించిన కార్యబృందం 2021 మొదటి రెండు నెలల్లో యాప్ స్టోర్లను గాలిస్తే దాదాపు 1,100 రుణ యాప్‌లు కనిపించాయి, అందులో 600 అక్రమమైనవి. 2021 ఏప్రిల్ నుంచి 2023 ఆగస్టు మధ్య గూగుల్ తన ప్లే స్టోర్ నుంచి 4,700 దాకా ఇలాంటి యాప్‌లను తీసేసింది.

రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం ఉదయం 8 లోపు, సాయంత్రం 7 తర్వాత రికవరీ ఏజెంట్లు ఫోన్ చేయకూడదు. మైక్రోఫైనాన్స్ అప్పులకైతే ఆ వేళలు ఉదయం 9 నుంచి సాయంత్రం 6. తిట్టడం, నలుగురిలో అవమానించడం, బంధువులను వేధించడం నిషేధం. 2022 ఏప్రిల్ నుంచి మైక్రోఫైనాన్స్ అప్పు తీసుకున్న కుటుంబానికి నెల వాయిదాలన్నీ కలిపి ఆదాయంలో సగం దాటకూడదు. 2025 ఏప్రిల్ నుంచి, ఒక మనిషికి ముగ్గురికి మించి మైక్రోఫైనాన్స్ రుణదాతలు ఉండకూడదని ఆ రంగం సంస్థలే హద్దు గీసుకున్నాయి. ఖాతాల సంఖ్యకు హద్దు పెట్టడం సరైన దారి. అయితే నూటికి మూడు వడ్డీ ఇచ్చే ఊరిపెద్ద, చిట్టీ నడిపే పొరుగింటావిడ ఏ లెక్కలోకీ రారు.

దిగులు నుంచి అప్పులోకి

ఇంతసేపూ అప్పు మనసును ఏం చేస్తుందో చూశాం. రెండో దారి కూడా అంతే వెడల్పుగా ఉంది. బ్రిటన్‌లోని మనీ అండ్ మెంటల్ హెల్త్ సంస్థ మానసిక సమస్యలున్న 5,500 మందిని అడిగితే, ఆరోగ్యం బాగాలేనప్పుడు మామూలు కన్నా ఎక్కువ ఖర్చు పెట్టామన్నవారు 93 శాతం. బిల్లులు కట్టడం వాయిదా వేసినవారు 74 శాతం. అప్పులవాళ్లకు మొహం చాటేసినవారు 71 శాతం. డబ్బు ఇబ్బంది మనసును ఇంకా పాడుచేసిందన్నవారు 86 శాతమైతే, మనసు బాగాలేక డబ్బు పరిస్థితి పాడైందన్నవారు 72 శాతం.

డిప్రెషన్‌లో ఉన్న మనిషికి బ్యాంకు నుంచి వచ్చిన కవరు చింపడమే కొండంత పని. ఫోన్ మోగితే గుండె దడ. మేనేజరు దగ్గరికి వెళ్లి "గడువు పెంచండి" అంటే పెంచే అవకాశమున్నా ఆ నాలుగు మాటలు అడగలేడు. ఈలోగా జరిమానా వడ్డీ పెరుగుతుంది. బైపోలార్ రుగ్మతలో ఉద్వేగం ఉరకలేసే దశ వస్తే, వారంలోనే ఏళ్ల పొదుపు ఆవిరి కావచ్చు.

పైగా వైద్యం ఖర్చు. నిమ్హాన్స్ సర్వే ప్రకారం మానసిక రోగి ఉన్న కుటుంబం వైద్యానికి, ప్రయాణాలకు నెలకు 1,000 నుంచి 1,500 రూపాయల దాకా పెడుతోంది. సర్వేల ఏళ్లు వేరైనా, తెలంగాణ రైతు కుటుంబం నెల ఆదాయం 9,403 పక్కన పెడితే రాబడిలో తొమ్మిదో వంతు నుంచి ఆరో వంతు దాకా పోతుందన్నమాట. నిద్ర పట్టకపోవడం, కడుపులో మంట, గుండె దడ అంటూ మొదట వేరే డాక్టర్ల చుట్టూ, పరీక్షల చుట్టూ తిరిగిన డబ్బు దీనికి అదనం.

ఒకే గడిలో రాసే కారణం

2018 నుంచి 2020 వరకు మూడేళ్లలో దివాలా, అప్పుల కారణంగా 16,091 మంది ఆత్మహత్య చేసుకున్నారని కేంద్రం 2022లో రాజ్యసభకు చెప్పింది. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కలో 2022లో మొత్తం ఆత్మహత్యలు 1,70,924. కారణాల పట్టికలో అప్పుల వాటా 4.1 శాతం, కుటుంబ సమస్యలు 31.7 శాతం, అనారోగ్యం 18.4 శాతం.

4.1 శాతమేనా అనుకునే ముందు, ఆ పట్టికలో ఒక మరణం ఒక్క కారణం కిందికే వెళుతుందని గుర్తుంచుకోవాలి. అప్పు మీద భార్యాభర్తల మధ్య గొడవలు ముదిరితే అది కుటుంబ సమస్య. వైద్యానికి అప్పు చేసి, ఆ అప్పు తీరక కుంగిపోతే అది అనారోగ్యం. ఏ ఆత్మహత్యకూ కారణం ఒక్కటే ఉండదు. అప్పున్నవారిలో అత్యధికులు ఆ దారిలోకి వెళ్లరు, ఎంత కష్టమైనా ఈదుకొస్తారు. పట్టిక మాత్రం ఒకదానితో ఒకటి అల్లుకున్న కష్టాలను విడదీసి వేరు వేరు గడుల్లో పెడుతోంది. అలా విడదీసిన లెక్కల మీదే పథకాలూ విడివిడిగా తయారవుతున్నాయి.

అందుకే చికిత్స కూడా సగమే అవుతోంది. బ్రిటన్ లెక్కల్లో, డిప్రెషన్‌తో పాటు తీరని అప్పు కూడా ఉన్నవారు పద్దెనిమిది నెలల తర్వాత కూడా డిప్రెషన్‌లోనే మిగిలే అవకాశం, అప్పు లేనివారి కన్నా 4.2 రెట్లు. చికిత్స మంచిదే, పనిచేస్తుంది. గోవాలో దాదాపు 500 మందితో చేసిన ప్రయోగంలో, డాక్టర్లు కాని మామూలు మనుషులకే శిక్షణ ఇచ్చి ఆరు నుంచి ఎనిమిది విడతలు మాట్లాడిస్తే, మూడు నెలల్లో 64 శాతం మంది డిప్రెషన్ నుంచి బయటపడ్డారు. మామూలు వైద్యం మాత్రమే అందినవారిలో అది 39 శాతం. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత మేలు సాధ్యం. కానీ కౌన్సెలింగ్ నుంచి ఇంటికి వచ్చేసరికి గుమ్మంలో ఏజెంటు కూర్చుని ఉంటే ఆ మేలు ఎన్నాళ్లు నిలుస్తుంది?

ఇంగ్లండ్, వేల్స్ 2021 మే 4న దీనికొక మార్గం చట్టంగా తెచ్చాయి. అప్పుల్లో చిక్కుకున్నవారికి 60 రోజుల విరామం. ఆ రోజుల్లో చాలా రకాల అప్పుల మీద వడ్డీ, జరిమానాలు ఆగుతాయి, వసూలు చర్యలు ఆగుతాయి. తీవ్రమైన మానసిక సంక్షోభంలో చికిత్స పొందుతున్నవారికైతే చికిత్స సాగినన్నాళ్లూ, ఆపైన మరో 30 రోజులూ విరామం ఉంటుంది. అప్పు మాఫీ కాదది, ఊపిరి తీసుకునే సమయం.

మన దగ్గర ఐపీ పెట్టడమనే మాట ఊరూరా తెలుసు. అది 1920 నాటి దివాలా చట్టం కింద వేసే పిటిషన్. 500 రూపాయల అప్పున్నా దాని కింద కోర్టుకెక్కవచ్చు, కానీ ఐపీ పెట్టినవాడంటే ఎగ్గొట్టినవాడనే చూపు, ఏళ్ల తరబడి విచారణ. 2016 దివాలా స్మృతిలో పేదల కోసం 'కొత్త ఆరంభం' అనే ప్రక్రియ రాశారు. 180 రోజుల విరామం ఇచ్చి, అర్హత ఉన్న చిన్న అప్పులను రద్దు చేసే వీలు అందులో ఉంది. వార్షికాదాయం 60,000, ఆస్తులు 20,000, అప్పు 35,000 రూపాయలు మించకూడదు, సొంత ఇల్లు ఉండకూడదు. ఆ భాగాన్ని మామూలు జనానికి ఇప్పటికీ అమల్లోకి తేలేదు. తెచ్చినా ఆ హద్దుల్లో ఇమిడే తెలుగు రైతు కుటుంబం ఎక్కడుంది? హద్దులు పెంచి, డాక్టరు ధ్రువపత్రం ఉన్నవారికి వసూళ్లు ఆపే నిబంధన చేర్చి దాన్ని అమలు చేయడం, నా దృష్టిలో, మరో మాఫీ ప్రకటన కన్నా ఎక్కువ ప్రాణాలు నిలబెడుతుంది.

అది వచ్చేలోగా ఇంట్లో చేయగలిగినవి ఉన్నాయి. ఎన్ని చోట్ల అప్పుందో ఒక్క కాగితం మీద రాయాలి. ఎవరికి, ఎంత, వడ్డీ ఎంత, గడువు ఎప్పుడు అన్నీ. ఇంట్లో ఇంకొకరు పక్కన కూర్చుని రాస్తే మంచిది, దిగులులో ఉన్నవారు ఒక్కరే ఆ పని చేయలేరు. ఎక్కువ వడ్డీ అప్పు ముందు తీర్చడం డబ్బు లెక్కకు సరైనది. కానీ నాలుగు చిన్న బాకీలు తీర్చేసి నలుగురి రాకపోకలు ఆపగలిగితే, మనసు కుంగి ఉన్నప్పుడు అది మొదట చేయడంలో తప్పు లేదు. బ్యాంకో, ఫైనాన్స్ కంపెనీయో నిబంధనలు మీరి వేధిస్తే ముందు ఆ సంస్థకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. 30 రోజుల్లో పరిష్కారం రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు, వివరాలకు 14448. లోన్ యాప్ బెదిరింపులకు సైబర్ నేరాల నంబరు 1930.

ఆత్మహత్యాయత్నం చేసిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే పరిగణించాలని, శిక్షించకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. కాబట్టి పోలీసు కేసవుతుందన్న భయంతో ఆసుపత్రికి వెళ్లడం ఆపవద్దు. ఇంట్లో ఎవరైనా బతకాలని లేదన్న మాట అంటే, అప్పు లెక్క తర్వాత చూసుకోవచ్చు, ముందు వాళ్లను ఒంటరిగా వదలకండి. కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఫోన్ చేసే ఓపిక వాళ్లకు లేకపోతే మీరు కలిపి ఇవ్వండి.